ఊహా ఫోనులు, నకలు ఫోనులు

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తరగతి ముగిసిన తరువాత ఒకనాడు ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, తన ఫోనులో ఒక చిన్న చలనచిత్రమును చూపించినాడు. అందులో ఒక చేయి, చేతిలో ఒక గాజుపలక. పలకకు ఇవతల నుండి చూచినచో అవతలి వేళ్ళు కనిపించుచున్నవి. వేలు తాకగానే గాజు మీద అక్షరములు వెలుగుచున్నవి. ఆ తరువాత పలక తమలపాకు వలె వంగి మణికట్టుకు చుట్టుకొనుచున్నది.

"మాస్టారూ, ఈ ఫోను వచ్చే ఏడాది వస్తుందటండీ. అందాకా కొత్తది కొనకుండా ఆగమంటారా?" అని అడిగినాడు.

"ఇందులో బ్యాటరీ ఎక్కడ ఉంది నాయనా?" అని నేను అడిగినాను.

అతడు చిత్రమును మొదటి నుండి మరల నడిపించి చూచినాడు. "ఎక్కడా చూపించలేదండీ" అన్నాడు.

ఇట్టి చిత్రములు నేడు వేలకొలదిగా వ్యాపించుచున్నవి. ఇంకను తయారు కాని ఫోనును తయారైనట్లు చూపు ఈ నమూనాలను ఇంగ్లీషు మాటతో కాన్సెప్టు ఫోనులు అందురు. మనము ఊహా ఫోనులు అందము. నవలను గురించి, నాటకమును గురించి విమర్శ వ్రాయుచున్నాము గదా. కోట్లాది ప్రజల కోరికలను తీర్చి దిద్దుచున్న ఈ బొమ్మలను గురించి కూడ విమర్శ అవసరమే. పత్రికలలో వచ్చు పరిచయములు చాలవరకు ప్రకటనలను తిరిగి చెప్పుటతోనే ముగియుచున్నవి. కావున ఊహా ఫోనును ఏ తూనికతో తూచవలెనో, దానిని చూచి పుట్టిన నకలును ఏ తూనికతో తూచవలెనో ఈ వ్యాసములో పరిశీలింతము.

ఊహ తప్పు కాదు

మొదట ఒక మాట. ఊహించుట తప్పు కాదు. టచ్ స్క్రీను అను తాకుడు తెర కూడ ఒకనాటి ఊహయే. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ వద్ద నున్న రాయల్ రాడార్ సంస్థలో పనిచేయుచుండిన ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు, కంప్యూటరు తెరను వ్రేలితో తాకి ఆజ్ఞ నిచ్చు పద్ధతిని ఒక చిన్న వ్యాసములో వర్ణించినాడు. ఆ వ్యాసము "ఎలక్ట్రానిక్స్ లెటర్స్" అను పత్రికలో వెలువడినది. మన శరీరము విద్యుత్తును కొంత నిలుపుకొనగలదు. తెర మీది తీగను వ్రేలు తాకినపుడు ఆ తీగ నిలుపుకొను విద్యుదావేశము మారును. ఆ మార్పును కొలిచినచో ఏ తీగను తాకినారో తెలియును. జాన్సన్ పద్ధతికి ఆధారము ఇదియే.

ఆ వ్యాసమునకును, మా విద్యార్థి చూపిన చిత్రమునకును గల భేదమును గమనింపుడు. చిత్రము మనకు ఏమి లభించునో చెప్పుచున్నది. వ్యాసము దానిని పొందుటకు ఏమి చేయవలెనో చెప్పినది. రెండును ఊహలే. ఒక ఊహను పరీక్షింపవచ్చును. రెండవదానిని చూచి ముచ్చటపడుట మాత్రమే సాధ్యము.

నేను కొన్న నకలు

ఈ విషయము నాకు పుస్తకము చదివి తెలిసినది కాదు. 2010లో ఎం.ఎస్‌సి. చదువుచున్న రోజులలో నగరములోని ఒక దుకాణమున ఒక టచ్ ఫోను కొన్నాను. చూచుటకు అది పేరుమోసిన ఫోను వలెనే ఉన్నది. అదే నల్లని పలక, అదే వెండి అంచు, క్రింద అదే గుండ్రని మీట. అసలు ధరలో పదవ వంతు కూడ లేదు. ఇంటి నుండి పరీక్ష ఫీజుకని పంపిన సొమ్ము అందులోనికి పోయినది.

గదికి వచ్చి వేలితో తెరను మెల్లగా రాచినాను. ఏమియు కదలలేదు. గోటితో గట్టిగా నొక్కిన పిమ్మట కదలినది. రెండు వ్రేళ్ళతో బొమ్మను పెద్దది చేయబోగా తెర ఎటో ఎగిరిపోయినది. నెల తిరుగకుండగనే తెర మీద గోటి గీతలు పడినవి. ఫీజు కట్టుటకు స్నేహితుని వద్ద అప్పు చేయవలసి వచ్చినది.

కారణము ఇది. నేను కొన్నదాని తెర పైపొర మెత్తని ప్లాస్టిక్కు. దాని క్రింద సన్నని సందు విడిచి మరియొక పొర ఉండును. నొక్కినపుడు రెండు పొరలు అంటుకొని విద్యుత్తు ప్రవహించును. అంటుకొన్న చోటును నిరోధమును బట్టి లెక్కించెదరు. పెన్ను మూతతో నొక్కినను అది పనిచేయును, కాని నొక్కక తప్పదు. నేను కొన్న ఫోను వంటి సాధారణ నిరోధక తెర రెండు వ్రేళ్ళను విడివిడిగా గుర్తింపలేదు. 2006 డిసెంబరులో ప్రకటించిన ఎల్.జి. ప్రాడా, 2007 జనవరిలో ప్రకటించిన ఐఫోను జాన్సన్ చెప్పిన రెండవ సూత్రము మీద పనిచేసినవి. అట్టి తెరను నొక్కనక్కరలేదు; తాకిన చాలును. పెన్ను మూతతో తాకినచో అది పలుకదు. చేత పట్టుకొన్న దోసకాయ ముక్కతో తాకినచో పలుకును, ఎందుకనగా దోసకాయలోని నీరు మన శరీరమును తెరతో కలుపుచున్నది. పాఠకులు తమ ఫోను మీద ఈ పరీక్ష చేసి చూడవచ్చును.

నకలు చేసినవాడు పలకను, అంచును, మీటను అనుకరించినాడు. ఆ ఫోనును ఆ ఫోనుగా చేసిన సూత్రమును మాత్రము విడిచిపెట్టినాడు.

మార్ఫ్: ఒక జాబితా

ఊహా ఫోనులలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది మార్ఫ్. నోకియా పరిశోధన కేంద్రము, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము కలిసి దీనిని రూపొందించినవి. 2008 ఫిబ్రవరిలో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో దీనిని చూపినారు. అది వంగును, సాగును, చేతికి కడియమగును. వెనుకకు చూపు సాగును. మురికి దానికంతట అదే పోవును. ఎండతో శక్తి పొందును. వీనిలో కొన్ని అంశములు ఏడేండ్లలో ఖరీదైన ఫోనులలోనికి రావచ్చునని నోకియా చెప్పినది. ఆ ఏడేండ్లు గడువక మునుపే, 2014 ఏప్రిల్‌లో, నోకియా తన ఫోనుల వ్యాపారమును మైక్రోసాఫ్టునకు అప్పగించినది.

మార్ఫ్‌ను పరిహసించుట సులభము, కాని అది న్యాయము కాదు. దాని వెనుక నిజమైన పరిశోధకులు ఉన్నారు. దోషము వేరొక చోట ఉన్నది. ఒక్కొక్కటి విడిగా ఒక జీవితకాలపు పరిశోధనకు చాలిన అయిదారు సమస్యలను, అన్నియు ఒకే వస్తువులో ఒకదానికొకటి అడ్డు తగులక పరిష్కారమైనట్లు ఆ చిత్రము చూపినది.

ఎండ సంగతి లెక్క వేయుదము. ఎండ నిలువుగా పడుచున్నపుడు చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి వచ్చును. ఫోను వీపు 15 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు అనుకొన్నచో చదరపు మీటరులో నూరవ వంతు. దాని మీద పడునది 10 వాట్లు. మంచి సౌరఘటము అందులో అయిదవ వంతును విద్యుత్తుగా మార్చును. అనగా 2 వాట్లు. నేటి ఫోను బ్యాటరీలో సుమారు 15 వాట్-గంటల శక్తి పట్టును. కావున దానిని నింపుటకు ఏడున్నర గంటలు నడినెత్తి ఎండలో ఫోనును పెట్టవలెను. మన దేశపు మే నెల ఎండలో అంతసేపు పెట్టిన ఫోను ఏమగునో చెప్పనక్కరలేదు. పైగా ఫోను పగలంతయు జేబులో ఉండు వస్తువు.

మురికి సంగతి. తామరాకు మీద నీటిబొట్టు నిలువకుండుట మనకు చిన్ననాటి నుండి తెలిసినదే. ఆకు మీద కంటికి కనిపించని మైనపు బుడిపెలు ఉండుటచే బొట్టు జారిపోవుచు దుమ్మును కూడ తీసికొనిపోవును. కాని తామరాకును వ్రేలితో గట్టిగా రుద్ది, ఆ చోట నీరు చల్లి చూడుడు. నీరు అంటుకొనును. రోజంతయు వ్రేలితో రుద్దబడు వస్తువు తెర కాక మరేమి? నిజమైన ఫోనులలోనికి వచ్చినది ఇంతకన్న చిన్న పరిష్కారము. 2009లో వచ్చిన ఐఫోను 3జి.ఎస్.లో తెర మీద నూనె మరకలు సులభముగా తుడిచివేయుటకు ఒక పలుచని పూత పూసినారు. అది మురికిని తనంతట తాను పోగొట్టదు. కొంత కాలమునకు అరిగిపోవును. కాని అది ఉన్నది.

గాజు ఫోను కల

మా విద్యార్థి చూపిన పారదర్శక ఫోనుకు తిరిగి వత్తము. వస్తువు పారదర్శకము కావలెనన్నచో అది కాంతిని పీల్చకూడదు. విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయు లోహములలో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు కాంతిని అడ్డగించును. తెరల మీద వాడు ఇండియం టిన్ ఆక్సైడు అను పదార్థము ఈ రెంటికి మధ్య రాజీ. కాంతిని చాలవరకు పోనిచ్చును, విద్యుత్తును కొంతవరకు మోయును. కాని బ్యాటరీలో నల్లని గ్రాఫైటు, రాగి రేకు, అల్యూమినియం రేకు ఉండును. వానిని కనిపించకుండ చేయుట ఎట్లు?

2009లో సోనీ ఎరిక్సన్ సంస్థ ఎక్స్‌పీరియా ప్యూర్‌నెస్ అను ఫోనును నిజముగానే విక్రయించినది. దాని తెర పారదర్శకము. అయితే అది 1.8 అంగుళముల చిన్న తెర, రంగులు లేవు, ఫోనులో కెమేరా లేదు. బ్యాటరీ మొదలైనవి తెర క్రింది భాగములో, మీటల వెనుక దాగియున్నవి. అది పరాజయమని కొందరు నవ్విరి. నా దృష్టిలో వంద అందమైన చిత్రముల కంటె అదియే ఎక్కువ నేర్పినది, ఎందుకనగా పారదర్శకతకు చెల్లింపవలసిన మూల్యమును అది దాచలేదు.

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున యీ చూయీ అను శాస్త్రజ్ఞుని బృందము బ్యాటరీ సమస్యనే నేరుగా ఎదుర్కొన్నది. పదార్థమును పారదర్శకము చేయలేమని వారు ఒప్పుకొన్నారు. ఎలక్ట్రోడులను కన్ను పట్టలేనంత సన్నని, 35 మైక్రానుల గీతల వలగా పోసినారు. కాంతి ఆ గీతల నడుమ నుండి పోవును. నూటికి 60 వంతులు కాంతిని పోనిచ్చు బ్యాటరీ తయారైనది. దాని శక్తి ఎంత? లీటరు ఘనపరిమాణమునకు 10 వాట్-గంటలు. మామూలు బ్యాటరీలో అదే చోటున కొన్ని వందల వాట్-గంటలు పట్టును. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినారు గనుకనే అది విజ్ఞానమైనది. చలనచిత్రములో రెండవ అంకె ఉండదు.

బొమ్మకు నకలు

ఇక నకలు సంగతి. చైనాలో ఇట్టి ఫోనులను "షాన్‌జాయ్" అందురు. దొంగల కొండకోట అని ఆ మాటకు అర్థము. తైవాను దేశపు మీడియాటెక్ సంస్థ ఫోనుకు కావలసిన చిప్పును, దానిని నడుపు సాఫ్టువేరును సిద్ధము చేసి ఇచ్చుటతో, షెన్‌జెన్ నగరములోని చిన్న కార్ఖానాలు కూడ ఫోనులు తయారు చేయగలిగినవి. ఇందులో మెచ్చుకొనదగినది కూడ కలదు. రెండు సిమ్ములు పట్టు ఫోనులను చవకగా బీదవారికి అందించుటలో ఈ కార్ఖానాల పాత్ర తక్కువ కాదు.

కాని 2011 ఆగస్టులో ఒక విచిత్రము జరిగినది. "హైఫోను 5" అను పేరుతో ఒక నకలు చైనాలో 200 యువానులకు విక్రయమైనది. అది దేనికి నకలు? ఐఫోను 5నకు. అప్పటికి ఐఫోను 5 అను వస్తువు లోకములో లేదు. 2012 సెప్టెంబరులో గాని అది రాలేదు. పుకార్లతో పాటు తిరుగుచుండిన బొమ్మలను బట్టి నకలు చేసినారు. అసలు లేని నకలు! పిల్ల పుట్టక మునుపే కుల్ల కుట్టినట్లున్నది గదా. ఈ ఒక్క ఉదాహరణము చాలును. బొమ్మ ఎంత బలమైనదో, దానిని పరీక్షించు అలవాటు ఎంత బలహీనమైనదో ఇందు తెలియుచున్నది.

గాటు కథ

పెద్ద సంస్థలు కూడ ఈ దోషమునకు అతీతములు కావు. 2017 నవంబరులో ఐఫోను టెన్ అమ్మకమునకు వచ్చినది. దాని తెర పైఅంచున నడుమ ఒక నల్లని గాటు ఉన్నది. అది అందము కొరకు పుట్టినది కాదు. ముఖమును గుర్తించుటకు 30,000కు పైగా పరారుణ కాంతి చుక్కలను ముఖము మీద ప్రసరింపజేయు పరికరము, ఆ చుక్కలను చూచు కెమేరా అక్కడ ఉండవలసి వచ్చినవి. తెరను తొలగింపక వానికి చోటు లేదు. ఆ గాటు ఒక శస్త్రచికిత్స మచ్చ వంటిది. తెర క్రింద మాత్రము అంచు సన్నగా ఉన్నది. తెరను నడుపు తీగలు క్రింది అంచునకు చేరును. వంగు ఓఎల్ఈడీ తెర గనుక ఆ కొసను వెనుకకు మడిచి దాచినారు.

2018 ఫిబ్రవరిలో బార్సిలోనా నగరమున జరిగిన ఫోనుల ప్రదర్శనలో గాటు ఫోనులు బయలుదేరినవి. ఏసుస్ సంస్థ జెన్‌ఫోను 5 వానిలో ఒకటి. ఆ ఏడు గాటుతో వచ్చిన ఫోనులలో పెక్కింటికి గాటులో ఉన్నది మామూలు కెమేరా, చెవికి వినిపించు స్పీకరు మాత్రమే. వాని తెర గట్టి గాజు మీద చేసిన ఎల్.సి.డి. గనుక వెనుకకు మడుచుటకు వీలులేక క్రింద వెడల్పు గడ్డము అట్లే నిలిచిపోయినది. గాటు వలన తెరకు రెండు ప్రక్కల కొంచెము చోటు కలిసివచ్చిన మాట నిజమే, దానిని కాదనను. కాని మచ్చను ఆభరణముగా ధరించుట పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు కాదా? పులికి చారలు పుట్టుకతో వచ్చినవి. నక్కకు మిగిలినది కాలిన చర్మము.

కొలిచి చూడవలెను

అన్ని ఊహా ఫోనులును ఇట్టివి కావు. 2016 అక్టోబరులో షియోమి సంస్థ మి మిక్స్ అను ఫోనును "కాన్సెప్టు ఫోను" అని పిలుచుచునే ప్రకటించి, తరువాత విక్రయించినది. తెర పైన అంచు లేకుండ చేయవలెను. అయినచో స్పీకరు ఎక్కడ పెట్టుట? విద్యుత్తు తగిలినపుడు కంపించు పింగాణి పలకను లోపల పెట్టి ఫోను చట్రమునే మ్రోగించినారు. ముఖము దగ్గరకు వచ్చినదని తెలియుటకు అతిధ్వనులను వాడినారు. కెమేరాను క్రిందికి దించినారు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జవాబు. 2017లో వచ్చిన మి మిక్స్ 2లో పింగాణి పద్ధతిని విడిచి, సన్నని మామూలు స్పీకరునకు తిరిగి వచ్చినారు. జవాబు తప్పిపోవుట సిగ్గుపడవలసిన పని కాదు.

సిగ్గుపడవలసినది మరొకటి ఉన్నది. ఆ ఫోను ముఖములో తెర 91.3 శాతమని ప్రకటించినారు. స్కేలుతో చూతము. ఫోను పొడవు 158.8, వెడల్పు 81.9 మిల్లీమీటర్లు, వైశాల్యము 13,006 చదరపు మిల్లీమీటర్లు. తెర మూల నుండి మూలకు 6.4 అంగుళములు, అనగా సుమారు 162.6 మిల్లీమీటర్లు, నిడివి వెడల్పుల నిష్పత్తి 17కు 9. పైథాగరస్ సూత్రముతో గుణించినచో తెర వైశాల్యము సుమారు 10,930 వచ్చును. నిష్పత్తి 84 శాతము. పదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది.

మడుచు ఫోను కూడ ఇట్టి పాఠమునే చెప్పుచున్నది. వంగు తెరలను 2013 జనవరిలోనే శామ్‌సంగ్ ప్రదర్శించినది. ఫోనుగా గెలాక్సీ ఫోల్డును 2019 ఫిబ్రవరిలో ప్రకటించినది. ఏప్రిల్‌లో పరీక్షకు తీసికొన్న విలేఖరుల చేతులలో కొన్ని తెరలు పాడైనవి. పైనున్న రక్షణ పొరను మామూలు అంటింపు కాగితమనుకొని కొందరు పెరికివేసినారు. కొన్నింటి లోనికి నలుసులు చేరినవి. విడుదల సెప్టెంబరునకు వాయిదా పడినది.

గాజు ఎందుకు మడవరాదు? పలకను వంచినపుడు దాని వెలుపలి పొర సాగును. ఎంత సాగునో తెలియుటకు పలక మందమును, వంపు వ్యాసార్ధమునకు రెట్టింపుతో భాగింపవలెను. అర మిల్లీమీటరు మందము గల గాజును ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధమున మడిచినచో, ఆరింట ఒక వంతు సాగవలెను. గాజు అంత సాగక పగులును. మందమును 0.03 మిల్లీమీటర్లకు తగ్గించినచో సాగుడు నూటికి ఒక వంతు. అది సాధ్యము. 2020 ఫిబ్రవరిలో వచ్చిన గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో వాడినది ఆ మందము గల గాజే. పదార్థమును అంతగా పలుచన చేయు విద్య అలవడువరకు చిత్రములోని మడత చిత్రములోనే ఉండవలసి వచ్చినది.

చూచువారి బాధ్యత

కావున ఊహా ఫోనును చూచినపుడు అది ఎంత అందముగా ఉన్నదో అడుగుటతో సరిపుచ్చరాదు. అది ప్రకృతిలోని ఏ అడ్డంకిని ఎదుర్కొనుచున్నదో, దానిని చూపుచున్నదో దాచుచున్నదో అడుగవలెను. నకలును చూచినపుడు అది అసలుదాని జవాబును అనుకరించినదా, లేక జవాబు విడిచిన మచ్చను అనుకరించినదా అని అడుగవలెను. నకలు చేయుట దానంతట అదే పాపము కాదు. మా విద్యార్థులు ప్రతి ప్రయోగమును ఇదివరకు ఎవరో చేసినదానికి నకలుగానే చేయుదురు. కాని వారు కొలతలు తామే తీయుదురు.

ఇది కేవలము మేధావుల వినోదము కాదు. మన యువకులు ఫోను కొనుటకు వాయిదాల మీద అప్పు చేయుచున్నారు. బొమ్మకును వస్తువునకును భేదము తెలియనిచో ఆ అప్పు బొమ్మకే చెల్లును. నేను ఒకసారి చెల్లించినాను గనుక చెప్పుచున్నాను.

ఆ విద్యార్థికి నేను ఇచ్చిన సలహా చిన్నది. "నీ పాత ఫోను పనిచేస్తోందా? చేస్తుంటే ఆగు. చెయ్యకపోతే దుకాణంలో చేతికి తీసుకొని చూడగలిగినదే కొనుక్కో" అన్నాను. ఒక వారము గడచిన తరువాత అతడు మరియొక చిత్రముతో వచ్చినాడు. ఈ మారు ఫోను ముఖమంతయు తెరయే. ఎక్కడను రంధ్రము లేదు, గాటు లేదు.

నేను నోరు విప్పకమునుపే, "మాస్టారూ, దీంట్లో మాట ఎక్కణ్ణించి వినపడుతుందండీ?" అని అతడే అడిగినాడు.